ఒక్క కాడకు అయిదు పూలు

ఇప్పుడు తలచుకుంటే నాకే వింతగా ఉంటుంది గాని, మస్కట్‌లో కాలుపెట్టిన ఆ తొలి రోజుల్లో, మట్టి సంగతి మా పసుపు చేన్లవాళ్లకు తెలిసినంతగా ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదని గట్టిగా నమ్మేదాన్ని. నా చదువు సంతకం దాకే. అరబ్బీ రాదు, హిందీ అంతంత మాత్రం, ఆ ఇంట్లో బట్టల మిషన్ తిరగడం మొదలుపెడితే నేను రెండడుగులు వెనక్కి జరిగి నిలబడేదాన్ని. కాని ఒక గడ్డను చేతిలో పెట్టి, ఇది మొలుస్తుందా మొలవదా అని అడగండి, బొటనవేలితో ఒత్తి చెప్పేస్తాను. మెట్‌పల్లి అవతల మా ఊళ్లో విత్తనం ఏరడంలో నన్ను మించిన ఆడది లేదు. (మా అత్త ఉండేది. ఆమె పోయాకే నాకు ఆ పేరు వచ్చింది.) మనిషికి వచ్చిన విద్య ఒక్కటే అయినప్పుడు దాన్ని ఎక్కడపడితే అక్కడ వాడబుద్ధవుతుంది. నా కొంప ముంచింది ఆ బుద్ధే.

నా పెనిమిటి పోయిన ఎనిమిది నెలలకు ఇంటిపని వీసా మీద వచ్చాను. ఆయన పొద్దున నాతో మాటామాటా అనుకుని, నేనన్నదానికి జవాబు చెప్పకుండా చేనికి పోయాడు. పగటియాళ్లకు మంచం మీద మోసుకొచ్చారు. పురుగు ముట్టిందన్నారు, అంటే పాము కరిచింది. ఆ జవాబు ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. సరే, అది వదిలేయండి. నేను చేరిన ఇల్లు మస్కట్ శివారు అల్ హైల్‌లో, ముందు చిన్న వాకిలి, వాకిట్లో ఒక ఖర్జూరం చెట్టు, గోడ పొడవునా మట్టి కుండీలు. ఇంట్లో పెద్దాయన, ఆయన భార్య, ఇద్దరే. కొడుకులకు దూరాన సలాలాలో ఉద్యోగాలు. నేను చేరి రెండు నెలలైనా కాలేదు, పెద్దాయన ఒక మధ్యాహ్నం భోంచేసి పడుకుని మళ్లీ లేవలేదు. నా కాలు మంచిది కాదేమోనని నాకు నేనే అనుకున్నాను. వాళ్లు అనలేదు. వాళ్లకు అట్లాంటి ఆలోచన ఉన్నట్టే లేదు.

మేడం ఇద్దత్‌లో కూర్చుంది. అంటే మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇంటి ప్రహరీ దాటదు. అత్తరు పూసుకోదు, రంగు బట్ట కట్టదు, పరాయి మగవాళ్ల కంటపడదు. అన్ని రోజులని లెక్క ఉంది, ఆ లెక్క తీరాక స్నానం చేసి లేస్తుంది. నాకు ఆ లెక్క చూసి (పాపమో పుణ్యమో) అసూయ పుట్టింది. మా ఊళ్లో ఒక్క పొద్దున్నే గాజులన్నీ పగలగొట్టారు గాని, ఇక లేవమ్మా, అయిపోయింది అని చెప్పేందుకు ఒక తేదీ ఎవరూ ఇవ్వలేదు. అట్లా ఒకే ఇంట్లో ఇద్దరు ముండమోసిన ఆడవాళ్లం, ఒకరి మాట ఒకరికి రాక, ఏసీ చప్పుడు వింటూ ఉండేవాళ్లం. ఆమె సగం రొట్టె తిని పళ్లెం జరిపేది. మిగతా సగం నేను తినేదాన్ని.

ఆ మధ్యలో ఒక అట్టపెట్టె వచ్చింది. తెచ్చింది ఇంటి డ్రైవరు, కడప మనిషి, సాయిబు. తెలుగు, దక్కనీ, అరబ్బీ మూడూ గడగడా మాట్లాడేవాడు. నేను భాయ్ అనేదాన్ని. మేడం అతని ముందుకు రాకూడదు కాబట్టి వంటింటి తలుపు ఓరగా వేసి, ఆమె లోపల కుర్చీలో, అతను బయట మెట్టు మీద, నేను మధ్యలో గడప మీద. పెట్టె మీది పెద్దాయన పేరు చదివి మేడం చాలాసేపు దాన్ని విప్పలేదు. చివరికి నేనే కత్తి పెట్టి కోశాను. లోపల మూడు కాగితం సంచులు, సంచుల నిండా గడ్డలు.

“గివేం గడ్డలు భాయ్? ఉల్లిగడ్డలా?”

“కాదు సెల్లే, తులిప్ పూల గడ్డలు. సల్లటి దేశంలో పూస్తాయి. పెద్దాయన ఏటా తెప్పించుకునేవాడు. ఆయన పోకముందు రాసి పంపింది, ఇప్పటికి వచ్చినాది.”

లోపల్నుంచి మేడం ఏదో అంది. భాయ్ గొంతు తగ్గించి చెప్పాడు. “ఏటా మేడం ఆయన్ను ఎగతాళి జేసేదంట. మూడు నెలలు ఫ్రిజ్‌లో నా కూరగాయల సోటంతా ఆక్రమిస్తావు, గడ్డకొక్క పువ్వు పూస్తాది, ఆరు దినాలకు రాలిపోతాది, ఒక్క పువ్వుకు ఇంత సంబడమా అని. పోయినేడు గూడా అనిందంట. ఆయన ఏమీ అనలేదంట. ఇదిగో సూడు, ఈసారి అన్నీ ఒక్కో కాడకు నాలుగైదు పూలు పూసే రకాలే ఏరి తెప్పించినాడు.”

ఆమె మాటకు ఆయన జవాబు, పోయాక పెట్టెలో వచ్చింది. అవి పూస్తే ఆయన గెలిచినట్టు, పూయకపోతే ఆమె మాటే ఆఖరి మాటగా మిగిలిపోతుంది. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద వ్యవహారం ఇంకోటి లేదని నాకు భాష లేకుండానే అర్థమైంది.

సంచుల మీద రంగు బొమ్మలు ఉన్నాయి. ఒకటి ఎర్రది, పొడుగు కాడ పైన కొమ్మలుగా చీలి అయిదు పూలు. ఒకటి మీగడ రంగు, అంచుకు వంగపూవు చార. ఈ రెండింటి గడ్డలూ పిడికెడంత, నునుపుగా, రాగి చెంబు రంగులో ఉన్నాయి. మూడోది పొట్టి మొక్క, నేలకు అంటుకుని చుక్కల్లా పసుప్పచ్చ పూలు. దాని గడ్డలు చూస్తే నవ్వొచ్చింది. వేలి గోరంత, పైన పొట్టు, లోపల బొచ్చు. ఎండ బాగా వచ్చే మంచి కుండీలు నాలుగే ఉన్నాయి, వాటిలో ఏ రకం పెట్టాలి అన్నది ప్రశ్న.

“ఏది ఎక్కువ పూస్తాదో నిన్నే సెప్పమంటాంది మేడం. రైతుబిడ్డవంట గదా,” అన్నాడు భాయ్. (రైతుబిడ్డనని నేనే వచ్చిన వారంలో చేతులు తిప్పి, నేల తవ్వినట్టు చూపించి చెప్పుకున్నాను.)

“గింత దానికి అడుగుడేంది? మండ పెద్దదైతే పంట పెద్దది. గీ లావుటియి పెట్టాలె. గీ సన్నయి గురిగింజల లెక్కున్నయి, గివేం పూస్తయి? పారెయ్యమను.” (మండ అంటే పసుపు తల్లిగడ్డ.)

“కాగితంలో ఆ సన్నవే గట్టివని, పూలు బాగా పూస్తాయని రాసుండాది సెల్లే.”

“కాగితం ఎవుసం జేస్తదా భాయ్?”

భాయ్ దాన్ని ఎట్లా తిప్పి చెప్పాడో గాని, మేడం పెదవి ఒక పక్కకు కొంచెం కదిలింది. లావు రకాలు రెండూ మంచి కుండీలకని ఖాయమైంది. పారేయడానికి ఆమె ఒప్పుకోలేదు కాబట్టి చిన్నవి గోడ మూలనున్న పగిలిన కుండీకి. మూడు సంచులూ తీసుకెళ్లి తనే ఫ్రిజ్ అడుగు అరలో పెట్టింది.

ఇక నా కష్టం మొదలైంది. చూడండి, పసుపు తవ్వాక విత్తనానికి ఉంచుకున్న కొమ్ములనూ మండనూ మేము ఏం చేస్తాం? నీడలో కుప్ప పోస్తాం, పైన పసుపాకు కప్పుతాం, దాని మీద మట్టీ పేడా కలిపి మెత్తుతాం. లోపల వెచ్చగా, తల్లి కడుపులో ఉన్నట్టుంటుంది. అదను వచ్చేసరికి కళ్లు తెరిచి ఉంటాయి. అట్లాంటిది, విత్తనాన్ని తెచ్చి ఫ్రిజ్‌లో, పాల డబ్బా పక్కన పెట్టడమా? ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా నాకు వాటి ఏడుపు వినిపించేది. ఏటా గడ్డకొక్క పువ్వే పూసిందంటే అది ఈ చలి వల్లేనని తేల్చేసుకున్నాను. పది రోజులు ఓర్చుకున్నాను. పదకొండో రోజు, మేడం నమాజులో ఉండగా, మూడు సంచుల గడ్డలూ కొంగున పోసుకుని మిద్దె మీది పాత తివాచీల గదిలోకి చేరవేశాను. కుప్ప పోశాను. ఎండిన ఖర్జూరం మట్టలు నరికి కప్పాను. పేడ కావాలి కదా. భాయ్‌ని అడిగాను.

“పేడా? మస్కట్‌లో పేడ దేనికి సెల్లే నీకు, కళ్లాపి సల్లుతావా?”

“ఉన్నదా లేదా చెప్పు.”

“ఉండాది. ప్యాకెట్లో అమ్ముతారు.”

(పేడ ప్యాకెట్లో అమ్ముతారని ఊరికి ఫోన్ చేసి చెబితే మా తోడికోడలు నమ్మలేదు. గల్ఫ్ పోయి అబద్ధాలు నేర్చిందన్నది.) ఆ ప్యాకెట్ పేడతో కుప్పను చక్కగా మెత్తాను. చేతులు కడుక్కుని కిందికి వస్తే ఫ్రిజ్‌లో ఖాళీ సంచులు నోళ్లు తెరుచుకుని కనిపించాయి. అప్పుడు ఏం చేశానంటే, వంటింటి బుట్టలోంచి ఎర్ర ఉల్లిగడ్డలు అదే లావువి ఏరి రెండు సంచుల్లో పోశాను. మచ్చలేనివి, గుండ్రటివి. ఆ ఏరడంలో కూడా లోపం చేయలేదు. మూడో సంచికి కేరళ కొట్టువాడి దగ్గర సాంబారు ఉల్లి తెప్పించాను. మోసం చేయాలని కాదండీ. అదను వచ్చాక కళ్లు తెరిచిన గడ్డలు తెచ్చి ఆమె చేతిలో పెడితే, ఆమె నన్ను చూసి ఒక్కసారి బాగుంది అంటుందని.

రోజూ సాయంత్రం నమాజయ్యాక మేడం వచ్చి ఫ్రిజ్ తెరిచేది. సంచులు విప్పేది కాదు, మూడు నెలలు వాటికి వెలుతురు తగలకూడదని పెద్దాయన నియమమట. బయటినుంచే ఒక్కో సంచిని అరచేత్తో తడిమి, పెదవులు కదిలించి, తలుపు మెల్లగా మూసేది. నేను గిన్నెలు తోముతూ ఆ వైపు చూసేదాన్ని కాదు. పరామర్శకు వచ్చిన ఆమె ఆడబిడ్డకు కూడా ఒకరోజు చూపించింది. ఆవిడ సంచి మీద చెయ్యి వేసి కళ్లు తుడుచుకుంది. ఉల్లిగడ్డలకు కన్నీళ్లు రావడం కొత్త కాదు గాని, కోయకుండా రావడం నేను అక్కడే చూశాను. నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

డిసెంబరు చివర, రేపు కుండీలు సిద్ధం చేయమని మేడం చెప్పిన పొద్దున, నాలో నేను పొంగిపోయి భాయ్‌కి నా ఘనకార్యం చెప్పాను. బండి తుడుస్తున్నవాడు గుడ్డ వదిలేశాడు.

“ఏం జేస్తివి?”

“గట్ల ఒర్రకు. వెచ్చగ పెట్టిన. ఫ్రిజ్‌ల పెడితే కుళ్లిపోవా?”

“యా అల్లా! అవి మంచు దేశం గడ్డలు సెల్లే. సలి తగిల్తేనే లోపల పువ్వు తయారైతాది. ఈడ సలి యాడుండాది? అందుకని ఫ్రిజ్‌లో పెట్టి, సలికాలం వచ్చిందని వాటిని నమ్మించాల. పెద్దాయన ఏటా సెప్పేవాడు. నువ్వు మిద్దెమీద మగ్గబెడితివా!”

ఇద్దరం మెట్లెక్కి పరుగెత్తాం. పెళ్ల పగలగొట్టి చెయ్యి పెడితే లావు గడ్డల్లోకి వేళ్లు మీగడలోకి దిగినట్టు దిగాయి. బూజు, కంపు. రెండు రకాలూ పోయాయి. ఒక్కొక్కటీ ఒత్తి చూశాను, వచ్చిన విద్య అదొక్కటే కదా. అడుగున, గోడవారగా, నేను లెక్కచేయకుండా పోసిన ఆ బొచ్చు గడ్డలు మాత్రం గులకరాళ్లలా గట్టిగా ఉన్నాయి. పద్దెనిమిది. వాటిని కొంగులో కట్టుకుని అక్కడే కూలబడ్డాను. నన్ను ఏజెంటు ఆఫీసులో దించేసి రమ్మంటుందని భయం ఒకటి. దానికంటే, ఆయన జవాబును నేను కుళ్లబెట్టాను అన్నది నరాలు తెంపేసింది. నా జవాబు ఎట్లాగూ చేను దగ్గరే పోయింది, ఇప్పుడు ఇంకొకామెది.

మరునాడు చెప్పేద్దామని నోరు తెరిచేలోపు మేడం సంచులు బల్ల మీద పెట్టి బిస్మిల్లా అని మొదటిది విప్పింది. ఉల్లిగడ్డలు ఫ్రిజ్ చలికి బెత్తెడు పచ్చటి మొలకలు వేసి ఉన్నాయి. ఒక్క క్షణం ఆమె ముఖం వెలిగింది. దేవుడా, ఆ ఒక్క క్షణం నేను చూడకుండా ఉండాల్సింది. తర్వాత ఒకటి చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

“మో హాదా?” ఏమిటిది అని. నేను తల వంచాను. “బసల్!” అంది. ఉల్లిగడ్డ!

కొంగు విప్పి చిన్నవాటిని చూపించి కాళ్ల మీద పడ్డాను. అప్పుడు మొదలైంది చూడండి. పెద్దాయన పోయిననాటినుంచి గుసగుస దాటని మనిషి, తలుపు అవతల మెట్టు మీద భాయ్ ఉన్నాడన్నది కూడా మరిచి, ఇల్లు అదిరేలా అరిచింది. బల్ల గుద్దింది. ఉల్లిగడ్డ విసిరింది, అది సింకులో పడింది. పక్కింటి ఆడవాళ్లు గోడ మీదినుంచి తొంగిచూశారు. ఎంతసేపో! ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నేను తలుపు సందులోంచి అడిగాను.

“ఏమంటున్నది భాయ్?”

“మేడం కొంచెం బాధపడతాంది సెల్లే.”

“గింతసేపు ఒర్రింది గింతేనా?”

“మిగతాదానికి తెలుగులో మాటల్లేవు.”

అలిసిపోయి కూర్చుంది. రెండు గ్లాసుల నీళ్లు తాగింది. తర్వాత నా కొంగులోని గడ్డలను ఒక్కొక్కటీ ఎత్తి, నా మాదిరే బొటనవేలితో ఒత్తి చూసి, తనే తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టింది. ఈసారి తాళం పెట్టే ఫ్రిజ్ ఉంటే బాగుండునన్నట్టు నా వైపు చూసింది. ఆ ఉల్లిగడ్డలన్నీ ఆ పూటే వండమంది. మొలకలతో సహా వండాను. ఆమె పళ్లెం ఖాళీ చేసింది. నన్ను ఆఫీసుకు పంపలేదు. ఎందుకు పంపలేదో నేను అడగలేదు.

ఒక నెల మాత్రమే చలి దొరికింది వాటికి. జనవరి ఆఖర్న ఆ పద్దెనిమిదినీ ఎండ బాగా వచ్చే కుండీల్లో పెట్టాం. గడ్డిపరకల్లాంటి సన్నటి ఆకులు వచ్చాయి. మేడం రోజూ వాకిట్లోకి వచ్చి కుండీ పక్కన పీట వేసుకునేది. ఇద్దత్ తీరే రోజు వచ్చింది, ఆకులే. స్నానం చేసింది, ఆకులే. ఇక్కడ ఒంటరిగా వద్దని కొడుకులు సలాలా తీసుకుపోవడానికి వచ్చారు. బండి ఎక్కబోయే ముందు వెనక్కి వచ్చి ఒంగి చూసింది. ఆకులే. పూస్తే ఫోన్ చెయ్యి అని చేత్తో చెవి దగ్గర చూపించింది. పూయవని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇల్లు అద్దెకిచ్చేదాకా కడిగి తుడిచి చూసుకునేందుకు నన్ను, బయటి పనులకు భాయ్‌ని ఉంచారు.

మార్చి మొదట్లో ఎండ ముదిరింది. ఒక పొద్దున నీళ్లు పోస్తుంటే ఒక కుండీలో, ఒకే ఒక్క కాడ, పైన మూడు మొగ్గలు. పదిగంటలయ్యేసరికి రెండు విచ్చాయి. పసుప్పచ్చ, కొసన తెలుపు, టీ చెంచా అంత. మూడోది గోధుమరంగుకు తిరిగి ఎండిపోయింది. మిగతా పదిహేడూ ఆకులే. నా చిన్న ఫోన్ తీసి నంబరు నొక్కాను. భాయ్ పక్కనే నిలబడ్డాడు.

మేడం గొంతు దూరంగా వినిపించింది. “పూసింది, పూసింది” అన్నాను, ఆ నెలల్లో చెవిన పడి అబ్బిన అరబ్బీలో. అవతల్నుంచి ఒక్క మాట. “కమ్?” ఎన్ని?

అంకెలు నాకు పదిదాకా వచ్చు. రెండుకు ఏమంటారో బాగా తెలుసు.

“ఖంసా,” అన్నాను. అయిదు.

“ఒక్క కాడకా?”

“ఒక్క కాడకే, మేడం. అయిదు.”

అవతల నవ్విందో ఏడ్చిందో ఫోన్లో తెలియలేదు. ముసలాయన నన్ను ఓడించాడు అంది. అట్లా రెండుసార్లు అని పెట్టేసింది.

“రెండే గదా సెల్లే, అయిదంటివే?” అన్నాడు భాయ్. అని ఊరుకున్నాడా, జేబులోంచి తన పెద్ద ఫోన్ తీశాడు. “ఉండు, మేడం కొడుక్కి ఫోటో తీసి పంపుతా.”

నేను కుండీకి అడ్డం నిలబడ్డాను. అతను ఎడమకు జరిగితే ఎడమకు, కుడికి జరిగితే కుడికి. చివరికి మట్టిచేత్తోనే ఆ ఫోన్ కంటిని మూసేశాను. “ఫోన్ గలీజ్ జేస్తివి గదే!” అని నెత్తి కొట్టుకుని, నా ముఖం చూసి, దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఎన్ని ఇళ్లు మారానో. సీబ్‌లో, నిజ్వాలో, మళ్లీ ఇక్కడ మస్కట్‌లో. ఇప్పుడు నాకు అప్పటి మేడం వయసు రానే వచ్చింది. పని చేస్తున్న ఇంట్లో పిల్లలు బడి లెక్కలు తప్పుగా చెబితే వాళ్లమ్మ కోప్పడుతుంది, నేను మాట్లాడను. ఆ ఎండలో, ఖాళీ ఇంటి వాకిట్లో, రెండు పూలను కొంగు చాటున దాచుకుని కుడికీ ఎడమకూ గంతులు వేసిన ఆ పిచ్చిదాన్ని తలచుకుంటాను. విత్తనం ఏరడం రాదని ఆమెను ఎంతైనా తిట్టవచ్చు. ఆ అయిదు మాత్రం ఆమె సరిగ్గానే ఏరింది.